మానెడు తవుడు

ఇంట్లో కూర్చుంటే అడిగీస్తాదని భయమేసి ఆవిణ్ణి మ్యూజియానికి తీసుకెళ్ళాను. ఉన్నమాట చెప్పుకోడానికి సిగ్గేటి? తగరపువలస అవతల మా ఊరి నుంచి ఆవిడ ముందురోజే వచ్చింది. మ్యూజియానికెళ్ళిన మర్నాడు సీతమ్మధారలో, మా ఇంటికి రెండు వీధుల అవతలున్న ఆసుపత్రిలో కంటి ఆపరేషన్. "అయ్యాక నలబై రోజులు పొయ్యి దగ్గర పొగలో కూర్చోకూడదు, వంగి బరువులెత్తకూడదు, రోజూ చుక్కలు వేయించుకోవాలి. ఎవరింట్లో ఉంటారు?" అని నర్సమ్మ అడిగితే ఆవిడ నా వైపు చూసింది. నాను ఫోన్ చూసుకున్నాను.

ఆవిడకి మొగుడు పోయాడు. పిల్లల్లేరు. మరిది కొడుకులు "మా ఆడోళ్ళకి కుదరదు" అనీసారు. మరి మాకు మాత్రం కుదురుతాదేటి? మావి రెండు గదులు. మా ఆయనది స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ, పగలు పడుకోవాలి. నాది పోర్టులో ఆఫీసు పని. పొద్దున్న లేచిన కాడ్నించీ నాలో నానే వాదించుకుంటన్నాను. తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను. బాల్కనీలోకి పోయి ఏటికెళ్ళానో మర్చిపోయి తిరిగొచ్చాను. ఆవిడ సోఫా చివర సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని నన్నే చూస్తంది. ఇంక తట్టుకోలేక, "పద, పల్లెటూరి సామాన్లన్నీ ఒక దగ్గర పెట్టారట, చూసొద్దాం" అని ఆటో పిలిచీసాను.

ఇంతకీ ఆవిడ నాకేటవుతాదో చెప్పాలి. నాకంటే ముందు మా అమ్మకి ముగ్గురు పుట్టి పోయారు. నాను పుట్టగానే నన్ను చేటలో పడుకోబెట్టి, వీధికి అవతలున్న ఆవిడ గడపలోకి తీసుకెళ్ళింది. ఆవిడ మానెడు తవుడు కొలిచి మా అమ్మ ఒళ్ళో పోసి నన్ను కొనుక్కుంది. "పిల్ల నాది. పాలిచ్చి పెంచిపెట్టు" అని మళ్ళీ మా అమ్మ చేతికే ఇచ్చింది. ఇలా చేస్తే, ఇది ఆ ఇంటి పిల్ల కాదులే అనుకుని చావు దాటిపోతాదని మా వైపు నమ్మకం. నాను బతికాను. పేరులో కూడా ఆ తవుడు ఉండిపోయింది. ఆఫీసులో అందరిచేతా ఇంటిపేరుతోనే పిలిపించుకుంటాను. మా అమ్మ దేనికీ కోప్పడీది కాదు గానీ ఒక్క విషయంలో మాత్రం ఒళ్ళు చీరీసీది. "ఆ ఇంటికి తవుడు మాత్రం పట్టుకెళ్ళకు. తిరిగిచ్చీసినట్టయితే బేరం పోయినట్టే." వాళ్ళ ఆవు ఆకలితో అరుస్తన్నా సరే, మా ఇంట్లోంచి గుప్పెడు తవుడు అటు వెళ్ళలేదు. నాను ఆవిణ్ణి కొన్నమ్మా అని పిలుస్తాను.

మ్యూజియంలో నాను నడవలేదు, పరిగెట్టాను. నాగలి, కుండలు, ఉట్టి, ఒకదాని తర్వాత ఒకటి చూసీసి "పద, పద" అంటన్నాను. కొన్నమ్మకి ఒక కన్ను మసక. ప్రతిదాని దగ్గరా ఆగి, ముక్కు ఆనించి, చేత్తో తడిమి గానీ కదల్దు. గోడకి తగిలించిన చేట దగ్గర ఆగిపోయింది.

"ఓలమ్మో, సేటకి వార్నీసు ఏసీసారేటే! పేడతో అలుకుతారు గానీ దీనికి రంగేస్తారేటి? ఇందులో నూక నిలుస్తాదా?" అంది.

బడిపిల్లల్ని తీసుకొచ్చిన ఓ టీచరమ్మ అక్కడే ఉంది. చిన్నపిల్ల, ముచ్చటేసింది కాబోలు. "మామ్మగారూ, దీంతో ఏం చేసేవారో మా పిల్లలకి చెప్పండి" అంది.

"సెరుగుతాం. పిల్లల్ని కూడా కొనుక్కుంటాం" అంది కొన్నమ్మ. పిల్లలు గొల్లుమన్నారు. ఆవిడకి ఉత్సాహం వచ్చీసింది. నా వైపు వేలు చూపించి, తవుడు, గడప, మా అమ్మ ఒడి, ఆఖరికి నా పేరుతో సహా చెప్పీసింది. వెనక వరసలో ఒక పిల్ల ఆ పేరు పక్కదాని చెవిలో అని కిసుక్కుమంది. నా చెవులు కాలిపోయాయి.

"అయితే మీ అమ్మగారన్నమాట!" అంది టీచరమ్మ నాతో.

"కాదండీ. మా ఊరావిడ. అంతే" అనీసాను.

అది పేరుకి సిగ్గుపడి అన్నమాట కాదు. అమ్మ అని ఒప్పుకున్నానంటే ఇంట్లో పెట్టుకోవాల్సొస్తాదని అన్నాను. ఆ సంగతి నాకు తెలుసు. కొన్నమ్మకీ తెలిసిపోయింది.

పిల్లలు పక్క గదిలోకెళ్ళిపోయారు. ఆవిడ చేట అంచు మీద చెయ్యి తియ్యలేదు. "సరే అయితే. నా తవుడు నాకిచ్చీ" అంది.

వేళాకోళం అనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"దార్లో కొట్టుంటాది కదా, మానెడు కొని ఇచ్చీ. మద్దేన్నం బస్సుకి నా దారిన నాను పోతాను. ఆపరేసనూ వొద్దు, ఏటీ వొద్దు. కన్ను పోతే పోతాది."

ఏబయ్యేళ్ళు దాటినదాన్ని, ఆఫీసులో పదిమందిచేత పని చేయించేదాన్ని. తవుడేటి, చావు దారి తప్పడమేటి అని ఎన్నిసార్లు నవ్వేనో. ఒక్కమాటకి మా అమ్మ కళ్ళెర్రజేసి ఎదురుగా నిలబడినట్టే అయింది.

"ఇవ్వను" అన్నాను. గొంతు పెద్దదైపోయింది. కాపలా అతను తొంగి చూశాడు. "ఇవ్వను గాక ఇవ్వను. ఎక్కడికీ పోవద్దు. నలబై రోజులూ మా ఇంట్లోనే ఉండు. సెలవు పెట్టి చుక్కలు నానే ఏస్తాను."

ప్రేమతో అన్నానని చెప్పుకుంటే అబద్ధం. ఉట్టి భయంతో అన్నాను.

కొన్నమ్మ నా మొహానికి మొహం ఆనించినంత దగ్గరకొచ్చి, మంచి కంటితో చూసింది.

"బయమేసిందేటే?"

"ఏసింది."

"మీ యమ్మకీ ఇలాగే ఏసింది" అంది నా చెయ్యి పట్టుకుని. "అందుకే నిన్ను తెచ్చి నా సేతిలో ఎట్టింది."