ఎల్లప్ప సూది ఎందుకు ఆపాడు

2022 వేసవి. కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేటలో ఒక చిన్న షుగర్ క్లినిక్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. బెంగళూరు నుంచి పరిశోధకులు వచ్చి, ఇన్సులిన్ వాడే పిల్లల రక్తం కొంచెం తీసి పంపమన్నారు. వాళ్ళు వెతుకుతున్నది నాన్-కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ. కణాల్లో కొన్ని ఆర్‌ఎన్‌ఏలు ప్రోటీన్ తయారీకి కావాల్సిన కబురు మోసుకెళ్తాయి. ఈ నాన్-కోడింగ్‌వి ఆ పని చేయవు, ఏది ఎంత తయారవ్వాలో అదుపు చేస్తాయి. ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు దెబ్బతింటే వీటిలో కొన్ని రక్తంలోకి చేరతాయట. వాటిని బట్టి ఇంకా ఎన్ని కణాలు బతికున్నాయో అంచనా వేయొచ్చేమోనని వాళ్ళ ఆశ.

ఇలాంటివి వివరించడమంటే నాకు మహా సరదా. నా అంత బాగా చెప్పేవాళ్ళు లేరని లోలోపల గర్వం కూడా ఉండేది.

పద్నాలుగేళ్ళ పవిత్రను వాళ్ళ తాత ఎల్లప్ప తీసుకొచ్చాడు. అమ్మానాన్నలు తెల్లవారుజాము రైలుకు బెంగళూరు పనికి పోతారు కాబట్టి, పాపకు రోజుకు నాలుగుసార్లు సూది వేసేది ఆయనే. గనిలో ముప్పై ఏళ్ళు చేసిన మనిషి, గడియారం చూసి మరీ వేసేవాడు. ఆయనకు గని భాషలోనే చెప్పాను.

“బీటా కణాలు పనోళ్ళనుకో తాతా. ఈ ఆర్‌ఎన్‌ఏ మేస్త్రీ. తాను తవ్వడు, తవ్వించేది మాత్రం తానే.”

“మా పాప లోపల పనోళ్ళు ఇంకా ఉండారా అమ్మా?”

“కొందరు ఉండొచ్చు. అది తెలుసుకునేందుకే ఈ రక్తం.”

ఆయన ముఖం వెలిగిపోయింది. నేను పొంగిపోయాను.

మూడో రోజు పొద్దున పవిత్రను ఆటోలో తెచ్చారు. రొప్పుతోంది. నోటి నుంచి మాగిన పండు వాసన. పిలిస్తే పలకడం లేదు. అది డీకేఏ, అంటే ఇన్సులిన్ అందక రక్తంలో ఆమ్లం పెరిగిపోవడం. ఆలస్యమైతే ప్రాణం దక్కదు. సెలైన్ పెడుతూ ఎల్లప్పను అడిగాను.

“సూది ఎప్పుడు వేసినావు తాతా?”

“ఆపేసినానమ్మా.”

ఆయన నిదానంగానే చెప్పాడు. “గనిలో ఒకడు సిక్ లీవు పెడితే బదులుకు ఇంగొకడ్ని దింపుతారు. బదులుకొచ్చినోడు పని చేస్తా ఉంటే, ఇంట్లో పండుకున్నోడు యాడ లేస్తాడు? సూది మందు కూడా బదులుకొచ్చినోడే కదా. అది ఆపితే మనోళ్ళు పనికి దిగుతారనుకుంటి. నువ్వే చెప్తివి కదమ్మా, ఉండారని.”

ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఒకరి మందు ఇంకొకరికి ఇచ్చింది లేదు. అలాంటిది, నేను మురిసిపోతూ చెప్పిన మాటే ఒక పిల్లను చావు దాకా తీసుకెళ్ళింది. అంబులెన్సులో కోలారు పెద్దాసుపత్రికి చేరేదాకా పాప నాడి పట్టుకునే కూర్చున్నాను.

రెండు రోజులకు పాప తేరుకుంది. చూడడానికి వెళ్ళి, “తాత ఆపుతానంటే నువ్వయినా వద్దనకూడదా?” అని కోప్పడ్డాను.

“ఒక్క దినమన్నా సూది లేకుండా ఉండాలని నాకూ ఉన్నింది అక్కా” అంది. ఇక నా కోపం ఏమైపోయిందో తెలియదు.

జబ్బున్న ఇంట్లో “ఉండొచ్చు” అంటే “ఉంది” అనే పట్టుకుంటారు. అది వాళ్ళ తెలివితక్కువ కాదు. నేను పోలిక చెప్పి వదిలేశాను, ఎల్లప్ప దాన్ని చివరిదాకా ఆలోచించాడు, అంతే తేడా.

పాపను ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజున మళ్ళీ వెళ్ళి, ఎల్లప్పను కూర్చోబెట్టి మళ్ళీ అంతా వివరించి, అర్థమైంది తిరిగి చెప్పమన్నాను.

“సూది ఆపితే పాప చచ్చిపోతాది” అన్నాడు. మళ్ళీ ఆయనే, “ఆ ఒక్క మాట ఆ పొద్దే చెప్పింటే చాలు కదమ్మా” అన్నాడు.

ఇప్పుడు ఎవరి రక్తం తీసినా ముందు ఆ మాటే చెబుతున్నాను.