మామ దగ్గర లేని రికార్డు

మొన్న హిందూపురంలో కంటి డాక్టరు దగ్గర నుంచి వస్తూ, బెంగుళూరు రోడ్డు మీద కొత్తగా పెట్టిన కాఫీ అంగడిలో కాసేపు కూర్చున్నాను. అంగడి అన్నానని నవ్వకండి. లోపల సోఫాలున్నాయి, కాఫీ మీద నురగతో ఆకు బొమ్మ గీసి మరీ ఇస్తున్నారు. కళ్లలో చుక్కలు వేశారు కాబట్టి ఆ ఆకు నాకు చట్నీ మరకలా కనిపించింది. సరేలెమ్మని కళ్లు మూసుకుని కూర్చుంటే గోడ మీది స్పీకర్లోంచి ఒక ఇంగ్లీషు పాట మొదలైంది. ఎవరో ఆడపిల్ల, గొంతు లేతది, తోడుగా ఒక్క పియానో. రెండో చరణానికి నా చెయ్యి కప్పు మీదే ఆగిపోయింది. ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు గానీ పాట తెలుసు. కౌంటర్లో ఉన్న అబ్బాయిని అడిగితే, "ఏమో మేడం, ఒకటి పెడితే అట్లాంటివన్నీ దానంతట అదే వస్తాంటాయి. ఈ పాటను చానామంది పాడినారు. కావాలంటే అన్నీ వేస్తా, కూచ్చోండి" అన్నాడు. అన్నీ వేస్తాడట! మా మామ ఆ మాట విని ఉంటే ఆ అబ్బాయిని దత్తత తీసుకునేవాడు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. నేసిన చీరలను బెంగుళూరు అంగళ్లకు తనే తీసుకుపోయి ఇచ్చి వచ్చేవాడు. నాకు పెనుకొండలో టీచరు ఉద్యోగం వచ్చిన కొత్త. మా ఊరు తనకల్లు, బస్సులు మారి పోయి రావాలంటే ఆదివారం కాస్తా దారిలోనే అయిపోయేది. అందుకని శనివారం బడి వదలగానే ప్యాసింజరు ఎక్కి ధర్మవరం పోయేదాన్ని. మామ ఇంట్లో అడుగు పెట్టగానే ముందు వినిపించేది మగ్గం చప్పుడు, దాని వెనకాల రాట్నం చప్పుడు. మగ్గం మామది, రాట్నం అత్తది. ఆయన నేస్తుంటే పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఆమె నాడెలో పెట్టే పట్టు కండెలు చుట్టేది. వాళ్ల సంసారమంతా ఆ రెండు గజాల్లోనే నడిచేది. పోట్లాటలూ అక్కడే, రాజీలూ అక్కడే. కోపమొస్తే మామ అడ్డపోగును అటూ ఇటూ మోసే ఆ నాడెను గట్టిగా విసిరేవాడు, అత్త రాట్నం ఆపేసేది. కండె అందకపోతే నేత సాగదు కదా, కాబట్టి ఎప్పుడూ మామే దిగివచ్చేవాడు.

ఇంగ్లీషు పాట ఆ ఇంటికి రైల్వే క్వార్టర్సు నుంచి వచ్చింది. స్టేషను దగ్గర ఒక ఆంగ్లో ఇండియను గార్డు కుటుంబం ఉండేది. ఆ గార్డు దొరసానికి మామ ఒక చీర నేసి ఇచ్చాడు. ఆమెకు అది ఎంత నచ్చిందంటే, రిటైరై ఊరు వదిలి పోయేటప్పుడు తమ రికార్డు ప్లేయరు మామకే ఇచ్చిపోయింది. దాని మీద ఒక రికార్డు అట్లాగే ఉండిపోయింది. మామ చదువు పదో తరగతితో సరి. ఆ పాటలో ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ మనిషి మాత్రం దానికి చిక్కుకుపోయాడు. నేను బీయే చదివానని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అర్థం చెప్పమన్నాడు. నా బీయే ఆ పాట ముందు చతికిలపడింది. ఆ పాడే ఆమె మాటల్ని నమిలి, సాగదీసి, సగం మింగేస్తుంది. నాలుగుసార్లు విని, "ఎవరో పోయినారు మామా. ఇంట్లో ఒకామె ఉంది. అంతే" అన్నాను. "ఏంటికి పోయినారంట?" అన్నాడు మామ. పాటలో చెప్పలేదన్నాను. "చెప్పకపోవడమే బాగుండాదిలే" అని మళ్లీ మొదటి నుంచి పెట్టాడు.

రికార్డు అరిగిపోయి గీతలు పడ్డాక, చీరలకు పోయినప్పుడు బెంగుళూరులో పాత రికార్డులమ్మే అంగడిలో అదే పాట అడిగి తెచ్చుకున్నాడు. ఇంటికొచ్చి పెడితే గొంతు వేరు, నడక వేరు. మగమనిషి, వట్టి గిటారు. మామకు తల కొట్టేసినట్టయింది. "మోసం చేసినాడు పాపా, ఇది మన పాట కాదు" అని ఆ పూటంతా చిరాకు పడ్డాడు. అత్త రాట్నం తిప్పుతూనే, "మన పాటే. అట్టలు అవే, చెయ్యి మారింది" అంది. ధర్మవరంలో ఈ మాట చిన్నపిల్లలకు కూడా తెలుసు. మగ్గం పైన బిగించే జాకార్డు మీద, డిజైను ప్రకారం చిల్లులు కొట్టిన అవే అట్టలు వేసి పక్కపక్క ఇళ్లలో ఇద్దరు నేస్తే, రెండు చీరల్లోనూ అదే హంస వస్తుంది. కానీ ఒకరి చేతిలో హంస బిగుసుకుని ఉంటుంది, ఇంకొకరి చేతిలో కొంచెం కులుకుతుంది. ఏ చీర ఎవరి చేతిదో ఆ వీధిలోవాళ్లు అంచు పట్టుకుని చెప్పేస్తారు. మామ మళ్లీ సూది పెట్టి విన్నాడు. ఈసారి పాట దొరికింది. ఆ మనిషి చెయ్యీ దొరికింది. ఇంక ఆ రోజు నుంచి ఆయన్ను పట్టేవాళ్లు లేకపోయారు.

చీరలు చుట్టిన గుడ్డలోనే రికార్డులు చుట్టుకుని తెచ్చేవాడు. పెద్ద పెద్ద ఆల్బములు, ఒక్కోదాంట్లో బోలెడు పాటలు. వాటిలో ఆ ఒక్క పాట తప్ప ఇంకోటి ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ విని ఎరగరు. సూది నేరుగా తీసుకుపోయి ఆ గాడిలోనే దించేవాడు. తక్కిన పాటలన్నీ పెళ్లికొడుకు వెంట వచ్చిన చుట్టాల్లాంటివి ఆయనకు. పాడినవాళ్ల పేర్లు నోరు తిరగవు కాబట్టి తనే పేర్లు పెట్టుకున్నాడు. మాటల్లేకుండా వట్టి బాకా ఊదింది బాకా పాట. గిటారు మనిషిది ముసలాయన పాట. నలభై మంది వాయించి హోరెత్తించింది పెళ్లి పాట. అన్నిటికన్నా ఆయనకు ముద్దొచ్చేది హోటలు పాట. అది ఎవరో ఏదో హోటల్లో పాడుతుండగా పట్టిన రికార్డు. వెనకాల జనం మాట్లాడుకోవడం, గ్లాసులు తగలడం, అన్నీ వినపడతాయి. పాట సగంలో ఎక్కడో ఒక చెంచా కింద పడుతుంది. ఆ చోటు రాబోతుంటే మామ వేలు పైకెత్తి అందర్నీ గమ్మునుండమనేవాడు. చెంచా పడగానే ఆ మొహం చూడాలి! "ఇన్యావా? ఆ పొద్దు ఆడ మనమూ కూచ్చున్నట్టు లేదా?" అనేవాడు. పాలు పోయడానికి వచ్చిన ఆమెకు కూడా ఆ చెంచా వినిపించాడు.

ఇదంతా అయ్యేలోపల అత్త ఆ పాటను తనది చేసేసుకుంది. ఎప్పుడు మొదలుపెట్టిందో ఎవరమూ చూడలేదు. ఒక శనివారం నేను పోయేసరికి మామ నేస్తున్నాడు, ఆమె రాట్నం తిప్పుతూ పాడుతోంది. మాటలు తెలుగు, ఆమె సొంతం. పోయినోడు పోయినాడు, పొద్దెట్ల పోతుందో చూడమంటూ ఏదో వచ్చేది. పూటపూటకీ మారేది కూడా. గొంతు కొంచెం బొంగురు, దాంట్లో ఒక చెమ్మ. నాడె అటు పోయేలోపు ఒక మాట, ఇటు వచ్చేలోపు ఒక మాట. చరణం తిరిగే చోట ఊపిరి తీసుకోవడానికి ఆమె ఆగేది. మామ కూడా అక్కడ నాడె పట్టుకుని ఆగేవాడు, తెలిసి ఆగేవాడో చెయ్యే ఆగేదో. నేను గడప మీద కూర్చుని చెప్పులు కూడా విడవకుండా వినేదాన్ని. బెంగుళూరు నుంచి వచ్చినవాటిలో దానికి సాటి వచ్చేది ఒక్కటీ లేదని నాకు అప్పుడే అనిపించింది. మామకూ తెలుసు. కానీ మొగుడు కదా, పెళ్లాన్ని మెచ్చుకుంటే మగ్గం విరుగుతుందేమోనని పైకి అనేవాడు కాదు.

తరువాత అత్త గొంతు కింద గడ్డ లేచింది. మొదట ఎవరూ పట్టించుకోలేదు, చివరికి మింగడమే కష్టమైంది. బెంగుళూరులో చూపిస్తే కోసి తీయక తప్పదన్నారు. ప్రాణానికి భయం లేదు గానీ గొంతు ముందు మాదిరి ఉంటుందని మాట ఇవ్వలేమని ముందే చెప్పారు. ఆ రోజు ఇంటికొచ్చి మామ ఏమీ తినలేదు. మరుసటి వారం మళ్లీ బెంగుళూరు పోయి, ఈసారి చీరల గుడ్డలో ఒక టేపు రికార్డరు చుట్టుకుని వచ్చాడు. "మీ అత్త పాటను పట్టాల పాపా. ఆపరేషను లోపల" అన్నాడు. అన్నేళ్లలో ఆయన ఆమె పాటను పాట అనడం అదే మొదలు. అత్త తల వంచుకుని కండె చుట్టుకుంది గానీ చెవులు ఎర్రబడ్డాయి.

మామ నేతలో ఒక్క పోగు తేడా వచ్చినా విప్పి మళ్లీ నేసే మనిషి. టేపు కూడా అట్లాగే మచ్చ లేకుండా రావాలనుకున్నాడు. మగ్గం చప్పుడు పడకూడదు, తమదీ, వీధిలో ఇంకొకరిదీ. ధర్మవరంలో అది ఒక్క అమావాస్య నాడే సాధ్యం. ఆ రోజు ఆ వీధిలో ఎవరూ మగ్గం గుంతలో కాలు పెట్టరు. ఆపరేషనుకు ముందు ఒక అమావాస్య వచ్చింది, అది ఆదివారం కూడా అయింది. పొద్దున్నే తలుపులు, కిటికీలు మూశాడు. కోళ్లను గంప కింద పెట్టి దాని మీద దుప్పటి కప్పాడు. అత్తకు ఉతికిన చీర కట్టించి పీట మీద కూర్చోబెట్టి, మైకు ఆమె మూతి ముందు పెట్టి, తను ఎదురుగా కూర్చుని బటను నొక్కాడు. వీధంతా నిద్రపోయినట్టుంది. అత్త నోరు తెరిచింది. పాట రాలేదు. మొదటి మాట వచ్చింది, రెండోది ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు. నవ్వింది. మామ టేపు వెనక్కి తిప్పాడు. మళ్లీ మొదలుపెట్టింది, ఈసారి బడిపిల్ల పద్యం అప్పజెప్పినట్టు గడగడా వచ్చింది. "అట్ల కాదు, దినామూ పాడతావే, అట్ల" అన్నాడు మామ. "దినామూ నేనేడ పాడతాండా? అదే వస్తాది" అంది. మధ్యాహ్నం దాకా అదే పని. ఆఖరుకు మామ గొంతు పెంచాడు, అత్త కళ్ల నీళ్లు పెట్టుకుని లేచి వంటింట్లోకి పోయింది. నేను అటు పోవాలో ఇటు పోవాలో తెలియక కోళ్ల మీది దుప్పటి తీశాను.

మరుసటి రోజు సోమవారం. నేను పెనుకొండ బండికి బయల్దేరుతుంటే మామ మగ్గమెక్కాడు, అత్త రాట్నం ముందు కూర్చుంది. నేను వీధి మలుపు దాకా పోయానో లేదో, వెనకాల పాట మొదలైంది. చక్కగా, నిండుగా, ఎప్పటి మాదిరే. టేపు రికార్డరు గూట్లో ఉంది. ఆపరేషనుకు ఇంకా రోజులున్నాయి, ఆ రోజులన్నీ ఆమె పాడుతూనే ఉంది. మామ మాత్రం గొంతు బాగయినాక ఇంకో అమావాస్యకు నిదానంగా టేపులో పట్టుకుందామనుకున్నాడు. డాక్టర్లు అట్లాగే చెబుతారు, ఏమీ కాదు అని అందరమూ ఆయనకు ధైర్యం కూడా చెప్పాం. ఆపరేషను బాగానే జరిగింది. మనిషి బాగానే లేచింది. గొంతు మాత్రం తిరిగి రాలేదు. గుసగుస తప్ప ఇంకేమీ పలకలేదు. నెలలు గడిచాక దాని గురించి అడగడం అందరమూ మానేశాం.

మామ రికార్డులు పెట్టడం కూడా చాలా కాలం మానేశాడు. ఒక ఆదివారం ఎవరో చుట్టాలు వచ్చి బలవంతం చేస్తే హోటలు పాట పెట్టాడు. అలవాటుగా వేలెత్తాడు, చెంచా పడింది, చుట్టాలు నవ్వారు. వాళ్లు పోయాక అత్త ఆయన దగ్గరికి వచ్చి కూర్చుంది. ఆమె మాట వినాలంటే మనం వంగాలి, నేనూ వంగాను. "యాడనో చెంచా పడింది ఊరందరికీ ఇనిపిస్తివి. మన మగ్గం చప్పుడే నీకు అడ్డమాయెనా?" అంది.

మామ ఆమె మొహం చూస్తూ, "ఆ పొద్దే చెప్పింటే..." అన్నాడు.

"ఆ పొద్దు నాకు మాత్రం తెలుసునా? నువ్వు నేస్తాంటే పాట వస్తాండె. నువ్వు మగ్గం దిగి నా ఎదురుగా వచ్చి కూచ్చుంటివి. ఇంగ నేను దేనికి పాడేది?"

ఆ మాటలో నిష్ఠూరం లేదు, అందుకే భరించడం కష్టమైంది. మామ లేచి గూట్లోంచి టేపు రికార్డరు తీశాడు. మగ్గం పక్కన పెట్టి రికార్డు బటను నొక్కి, గుంతలో దిగి నేయడం మొదలుపెట్టాడు. అత్త కాసేపు చూసి రాట్నం దగ్గర కూర్చుంది. టేపు అయిపోయేదాకా ఇద్దరూ పని చేసుకున్నారు. నేను గడప మీదే ఉన్నాను. పాట లేకపోయినా, చరణం తిరిగే చోటు వచ్చినప్పుడల్లా మామ నాడె పట్టుకుని ఆగాడు. అత్త ఊపిరి తీసుకుంది, మళ్లీ ఆయన విసిరాడు.

ఇద్దరూ ఇప్పుడు లేరు. ముందు అత్త, రెండేళ్లు తిరక్కముందే మామ. ఆల్బములు మా ఇంట్లో బీరువా మీదున్నాయి, ఆ టేపూ వాటితోనే ఉంది. ఆ వీధిలో చేతి మగ్గాలు ఒక్కొక్కటీ ఆగిపోయాయి, మామ ఇంటిని కొన్నవాళ్లు మగ్గం గుంత పూడ్చి పైన బండలు పరిచారు. అమావాస్య కాకపోయినా అక్కడిప్పుడు చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. ఒక్క పూట నిశ్శబ్దం కోసం మామ అంత కాచుకున్నాడు. కాలం ఆయన అడిగినదానికన్నా చాలా ఎక్కువే ఇచ్చింది.