ఫీజు పీకి నల్ల విప్పిన రోజు

ఒక్క నల్ల మార్చవోయి వంటింట్ల వరద తెచ్చిన మొగోణ్ని మీరెప్పుడన్న చూసిండ్రా? చూడకుంటే ఇగ చూడుండ్రి, ఆ మహానుభావుణ్ని నేనే.

రెండువేలు దాటిన కొత్తల ముచ్చట. మేడ్చల్ల కొత్తగ బోరేసి, మిద్దె మీద ట్యాంకు పెట్టినం. పెండ్లయినంక మొదటిసారి అత్తమామలు కీసర నుంచి బువ్వకు వస్తున్నరు. వంటింట్ల నల్లేమో బొట్టుబొట్టు కారుతాంది. అల్లుడు పనిమంతుడని మామతోని అనిపించుకోవాలె గదా! మెరిసే కొత్త నల్ల తెచ్చి, పాతది విప్పనీకి పాన పట్టుకొని కూసున్న.

"ఏమయ్యా, నీళ్లు బందు చేసినవా?" అన్నది నా భార్య సుజాత. "వంటకు ట్యాంకుల ఉన్నయే దిక్కు. బోరుకు మల్ల సాయంత్రమే కరెంటు."

"కరెంటే లేకుంటే నీళ్లెట్లొస్తయే? అయినా నీ ధైర్యం కోసం ఫీజు గూడ పీకిన, సూడు!"

ఏడో తరగతిల బడి ఎగ్గొట్టిన బుర్ర నాది. మోటరు గుయ్యిమంటే నీళ్లు, లేకుంటే లేవు. అంతే లెక్క.

నల్ల రెండు చుట్లు తిరిగింది. మూడో చుట్టుకు, అబ్బ, ఏమని చెప్పాలె! షామీర్‌పేట చెరువు అలుగు దుంకినట్టు నీళ్లొచ్చి నా ముక్కు మీద తన్నినయ్. పాత నల్ల ఎగిరి పప్పు గిన్నెల పడ్డది. నేను నోరు తెరిచి చూస్తనే ఉన్న. కరెంటు లేకుండ గింత బలమా! తెల్వకుండనే చేతులు జోడించిన.

"దండం పెడుతవేందయ్యా, మూయ్!"

"ఇంకేదో ఫీజు మిగిలిందే! అన్నీ పీకు!"

"అన్నీ పీకిన!"

"అయినా వస్తున్నయ్! స్తంభం కాడనే బంజేయించు!"

బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు రెండు పాయలై, ఒకటి పొయ్యి మీదికి, ఒకటి సుజాత మీదికి పోయినయ్.

గడప కాడ మక్క కంకి వలుసుకుంటున్న మా అవ్వ మెల్లగ లేచింది.

"ఓరి బిడ్డా, మీదికెల్లి కిందికి జారనీకి నీళ్లకు కరెంటెందుకురా?"

గింజలు రాలిన బెండును కత్తితోని సన్నగ చెక్కింది. పాత చీర పేలిక చుట్టింది. పైపుల గుచ్చి, పచ్చడి బండతోని రెండే దెబ్బలు! బొట్టు బయటికి రాలే. నేను, నా పాన ఇద్దరం తలలొంచినం.

"మిద్దె మీద వాల్వు దేనికి పెట్టిండ్రనుకున్నవ్ రా?" అని మల్ల కూసొని ఇంకో కంకి అందుకున్నది.

ట్యాంకుల సగం నీళ్లు దక్కినయ్. ఇగ వంటయితది అని ఊపిరి పీల్చుకునే లోపలనే మామ రానే వచ్చిండు. చేతులు కడుక్కుంటనని నేరుగ వంటింట్లకే నడిచిండు. గోడల దిగిన బెండును, తడిసి ముద్దయిన నన్ను మార్చి మార్చి చూసిండు.

"అల్లుడా, గీ బెండు తిప్పితే నీళ్లొస్తయా?"

బుద్ధున్నోడైతే నోరు మూసుకునేటోడు.

"రావు మామా," అన్న. "కరెంటు లేదు."

ఆ దినమే అవ్వ కాళ్లు మొక్కి ఒట్టేసిన: మిద్దెక్కి వాల్వు బందు చెయ్యంది ఈ జన్మల నల్ల ముట్ట. బందు చేసినా సరే, జేబుల మక్క బెండు లేంది పాన పట్ట!