సైన్స్ సెంటర్‌లో తెగిన పోగు

నిన్న మా పాపకు సైన్స్ సెంటర్ చూపించడానికి వెళ్ళాను. రాకెట్లు, వంకర అద్దాలు అయ్యాక బట్టల గదిలో అడుగు పెడితే, కట్టిన తాడుకు అవతల ఒక సాంచె! మా బాపు నడిపిన మరమగ్గం లాంటిదే. నూనె, నూలు దుమ్ము కలిసిన ఆ వాసన గుర్తుందా మీకు? బతకడానికి వలస వచ్చిన మన నేతన్నల కోసాడ్ కాలనీ ఇళ్ళల్లో ప్రతి నాన్న చొక్కాకూ ఉండేది. కంపెనీకి బువ్వ డబ్బా ఇవ్వడానికి పోతే, సాంచెల మోతలో బాపు నా చెవిలో అరిచేవాడు: "తెగితే తెగనియ్ బిడ్డా, ముడేసుడొస్తే సాలు!"

గైడ్ బటన్ నొక్కాడు. సాంచె నాలుగుసార్లు ఆడి, పోగు తెగి ఆగిపోయింది. ఆయన మెకానిక్‌ను పిలవడానికి వెళ్ళగానే, నేను తాడు మీదుగా వంగి, వేళ్ళు ఉమ్ముతో తడిపి, ముడి వేసేశాను.

"బెన్, హాథ్ మత్ లగావో!" చెయ్యి పెట్టొద్దని వెనక నుంచి గైడ్ గద్దించాడు.

"మమ్మీ, నీకెట్ల వస్తది గిది?" అంది పాప.

తాత కంపెనీలో చేసేవాడని మాత్రమే దానికి ఇన్నాళ్ళూ చెప్పాను. సాంచె ఆగి ఉందన్న సంగతి మరిచిపోయి, పాప చెవి దగ్గర వంగి గట్టిగా అరిచాను:

"గిది మీ తాత పని బిడ్డా!"

గదిలో అందరూ తిరిగి చూశారు.