మా మోటారు తోసిన మేస్టారు

మేస్టారు పోయారని బళ్ళో గంట కొట్టే ముసలాయన వచ్చి చెప్పాడు. నేను అప్పుడే ముఖం కడుక్కుని అరుగు మీదికి వచ్చాను. "తెల్లారగట్ల వరండాలో కుర్చీలో కూర్చునే పోయారండి. నిద్రనుకున్నామండి" అన్నాడు. పోయారన్న మాట ముందు నా బుర్రకెక్కలేదు. కూర్చుని పోయారన్న మాట దగ్గరే ఆగిపోయి, "కూర్చునా? ఆయనా?" అని అడిగాను.

తాడేపల్లిగూడెంలో మా వీధి చివరి మిషన్ బళ్ళో పలక పట్టినవాళ్ళకి నా ఆశ్చర్యం అర్థమవుతుంది. ఆయన పాఠం చెబుతూ గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేవారు. చర్చిలో ప్రార్థన ముగియకముందే సగం లేచి నిలబడేవారు. మా ఇంటికొస్తే కాఫీ నిలబడే తాగేవారు. ఎప్పుడైనా బలవంతాన కూర్చోబెడితే కుడికాలు ఊగుతూనే ఉండేది, కింద బల్లతో సహా. "కూర్చుంటే కాళ్ళకి వేళ్ళు దిగుతాయండీ" అనేవారు. కాలుకాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిటని మా అమ్మ విసుక్కునేది. అలాంటి మనిషి కుర్చీలో కూర్చుని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోవడం నాకు ఇంకా మింగుడు పడటం లేదు. ఈ నాలుగు మాటలూ కూడా కుదురుగా రాయలేకపోతున్నాను. రెండు వాక్యాలు రాయడం, లేచి వీధిలోకి వెళ్ళి రావడం. ఆయన జబ్బు నాకు అంటుకున్నట్టుంది.

మా స్నేహానికి కారణం ఒక పాత మోటారు. నేను ధాన్యం వ్యాపారంలో కాస్త కుదురుకున్న ఏడాది, ఒక మిల్లు యజమాని కొత్త కారు కొనుక్కుని పాతది నాకు అంటగట్టాడు. ముందు హ్యాండిల్ ఎంత తిప్పినా నా చేతులు పడిపోవడమే తప్ప అది లేచేది కాదు. ఎవరైనా వెనక నుంచి తోస్తేనే లేచేది. ఒకనాడు వీధంతా నవ్వుతూ చూస్తుంటే, మేస్టారు బడి మెట్లు దిగి వచ్చి, చొక్కా చేతులు మడిచి, వెనక రెండు అరచేతులూ ఆనించి, "వెళ్దామాండీ?" అన్నారు. బండి కదిలింది. పరిగెత్తుకుంటూ వచ్చి నా పక్క సీట్లోకి దూకారు. ఆ తర్వాత ఆ సీటు ఆయనదే అయింది.

ఆయన కిరస్తానీ కావడంతో, నా పక్కన కూర్చోవడం మా వీధిలో కొందరికి కంటగింపుగా ఉండేది. నేను పట్టించుకోలేదు. నేనేదో పెద్ద సంస్కర్తనని చెప్పుకోబోవడం లేదు. ఆయన లేకపోతే నా బండి కదలదు, అంతే. పోనుపోను ఆయన లేకపోతే నాకూ ఎక్కడికీ కదలబుద్ధి అయ్యేది కాదు. ఆయన తోసీ తోసీ బండి వెనక రెండు చోట్ల రంగు పోయింది. మళ్ళీ రంగు వేయిస్తానంటే, "ఎందుకండీ, చేతులు ఎక్కడ పెట్టాలో గుర్తుంటుంది" అన్నారు.

భార్య పోయాక ఉన్న ఒక్క కూతుర్నీ ఆయనే పెంచారు. జడ వేయడం దగ్గర నుంచీ అన్నీ ఆయనే. ఆ పిల్ల పెద్దదై, ఏలూరులో తివాచీల కొట్టు గుమాస్తా ఒకణ్ణి ఇష్టపడింది. మేస్టారు అప్పటికే వేరే సంబంధం అనుకుని మాట ఇచ్చేశారు. ఇద్దరిదీ ఒకటే రక్తం, ఒకటే పంతం. "నా మాట కాదని చేసుకుంటే నా గుమ్మం ఎక్కొద్దు" అన్నారు. ఆ పిల్ల సరేనంది, చేసుకుంది, ఎక్కలేదు. ఈయన పెళ్ళికి వెళ్ళలేదు. రెండేళ్ళ పాటు ఆ ఊరి పేరు నా బండిలో వినిపించలేదు. ఒక్కసారి మాత్రం పెంటపాడు నుంచి వస్తుండగా, నేనేం అడగకుండానే, "రోడ్డు మీదున్నంతసేపూ నేను మంచోణ్ణేనండి. ఇంట్లోనే నా కోపాలన్నీ" అన్నారు.

ఒకరోజు ఏలూరు నుంచి వచ్చిన బస్సు కండక్టరు, కూతురు ప్రసవించిందనీ, ఆడపిల్ల పుట్టిందనీ చెప్పి వెళ్ళాడట. మర్నాడు పొద్దున్నే మేస్టారు మా గుమ్మంలో ఉన్నారు. మాసిన గడ్డం, ఇస్త్రీ కోటు. "ఏలూరు వెళ్ళొద్దామాండీ? సాయంత్రానికి వచ్చేద్దాం" అన్నారు. ఎందుకని నేను అడగలేదు. మొదటి పురుడు పుట్టింట్లో జరగాలి. అది జరగలేదన్న బాధ ఆయన ముఖం మీదే ఉంది.

నా బండికి లైట్లు లేవు. పొద్దుగూకేలోగా తిరిగి రావాలని ముందే చెప్పాను. ఎప్పుడూ నన్ను తరిమే మనిషి, ఆ రోజు నాలుగు మైళ్ళకోసారి బండి ఆపించారు. ఉంగుటూరులో అరటిపళ్ళు. భీమడోలులో పసిపిల్లకి గుడ్డలు. కాలవ గట్టు మీద ఎవరో పాత శిష్యుడు కనిపిస్తే అతని యోగక్షేమాలు, అతని గేదె యోగక్షేమాలు. నాకు ఒళ్ళు మండిపోతోంది. గుండుగొలను దగ్గర రోడ్డు పక్కన కొరమీను అమ్ముతుంటే చూసి, "బాలింత పథ్యానికి ఇంతకంటే మంచిది లేదండీ" అన్నారు. తీరా చూశాక అవి నీరసంగా ఉన్నాయన్నారు. నీళ్ళలోంచి అప్పుడే తీసింది కావాలట. రోడ్డు దిగి, కొల్లేరు వైపు బండిబాటలో పోనిమ్మన్నారు.

బురదలో చక్రం దిగబడేదాకా పోయాం. అక్కడి నుంచి ఆయన పంచె ఎగగట్టి తుంగలోకి నడిచి, తాటిదోనె మీద ఉన్న పల్లెకారుల్ని కేకేసి, ఇంత లావు కొరమీను ఒకటి కుండలో వేయించుకుని వచ్చారు. బండిని బురదలోంచి తోసి ఎక్కి, కుండ మూతికి తన తువ్వాలు కట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. కాలు ఊగుతూ ఉంటే ఒళ్ళో కుండ ఎంతసేపు నిలుస్తుంది? దెందులూరు దగ్గర తువ్వాలు జారి, చేప ఎగిరి నా కాళ్ళ కింద పడింది. బ్రేకు తొక్కబోతే చేప. క్లచ్చి తొక్కబోతే చేప. ఎలాగో బండి ఆగాక, ఇద్దరం మోకాళ్ళ మీద పడి దాన్ని పట్టుకున్నాం. నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. మేస్టారు మాత్రం తువ్వాలు రెండు ముళ్ళు వేసి కడుతూ, "బతికే ఉందండీ" అన్నారు, బిడ్డ గురించి చెప్పినంత జాగ్రత్తగా.

ఏలూరు చేరేసరికి ఎండ వాలింది. కూతురు ఉండే వీధి కనిపించింది, ఇల్లూ కనిపించింది. "కొంచెం ముందుకి పోనివ్వండి" అన్నారు. పోనిచ్చాను. "ఒకసారి తిప్పండి." తిప్పాను. మళ్ళీ ఇల్లు రాగానే, "ఇంజను ఆపకండి, ఇంకోసారి తిప్పండి" అన్నారు. వీధిలో పిల్లలు మా వెనక ఊరేగింపు కట్టారు. కుండలోకి చూస్తే చేప ఒక పక్కకి ఒరుగుతోంది. ఆకాశం చూస్తే పొద్దు కుంగుతోంది. ఇంకోసారి తిప్పితే ఈయన తాడేపల్లిగూడెం పోదామంటారు. పోతే మళ్ళీ జన్మలో ఈ వీధికి రారు. అది నాకు స్పష్టంగా తెలుసు.

"మేస్టారూ, మీ కోపం ఎన్నాళ్ళైనా బతుకుతుంది. ఈ చేప బతకదండి" అన్నాను. నేను ఆ ఇంటి ముందు బండి నిలిపి, ఇంజను ఆపేశాను.

ఆయన నా వంక చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. ఇక బండి కదలాలంటే ఆయన దిగాల్సిందే. ఆయన దిగలేదు. నేనే కుండ తీసుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళాను. తలకి గుడ్డ చుట్టుకుని ఆ పిల్ల వచ్చింది. నన్ను చూసింది, కుండ చూసింది, కుండకి కట్టిన తువ్వాలు చూసింది.

"నాన్న ఏరండీ?"

"బండిలో ఉన్నారమ్మా. దిగడం లేదు."

కుండ అందుకుని లోపలికి వెళ్ళిపోయింది. అంతే కాబోలు అనుకున్నాను. ఇంతలో బిడ్డనెత్తుకుని గబగబా బయటికి వచ్చింది. వెనక నుంచి అత్తగారు, "పచ్చి బాలింతవి, బయట గాలి తగులుద్దే" అని మొత్తుకుంటోంది. ఆ పిల్ల వినిపించుకోలేదు. బండి చుట్టూ తిరిగి వచ్చి, నా సీట్లో ఎక్కి కూర్చుంది.

"నీ గుమ్మం ఎక్కొద్దన్నావు నాన్నా. ఎక్కలేదు. ఇది ఈయన మోటారు" అంది.

మేస్టారు ఆ పిల్ల తలగుడ్డ వంక చూశారు. రెండేళ్ళ తర్వాత కూతురితో ఆయన అన్న మొదటి మాట, "చెవుల్లో దూది ఏదే?"

కోటు విప్పి ఆ పిల్ల తల చుట్టూ, చెవుల మీదుగా కప్పారు. ఆ పిల్ల ఏడుస్తూనే బిడ్డను ఆయన ఒళ్ళో పెట్టింది. బిడ్డ గుక్కపట్టింది. మేస్టారి కాలు ఊగడం మొదలైంది. మా వీధంతా వెక్కిరించిన ఆ ఊపుకి ఆ పసిది రెండు నిమిషాల్లో నిద్రపోయింది. కాలు ఆపితే లేస్తుందని ఆయన ఆపలేదు. నేను అరుగు మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను, చెప్పడానికి సిగ్గేం లేదు.

కొట్టు నుంచి అల్లుడు వచ్చేసరికి నేను తొందరపెడుతున్నాను. మేస్టారు ఆ ఇంట్లో అడుగు పెట్టలేదు. పంతం పంతమే. బండి తోయడానికి మాత్రం దిగారు. అల్లుడు వచ్చి పక్కన నిలబడితే, "ఇక్కడ పెట్టు చెయ్యి" అని ఒక రంగు పోయిన చోటు చూపించారు. లైట్లు లేని బండిని వెన్నెల్లో మెల్లగా నడుపుకుంటూ గూడెం చేరాం. ఆ తర్వాత నెలకోసారైనా ఏలూరు రోడ్డెక్కాం. గుమ్మాల సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మొన్న సమాధుల దొడ్డి నుంచి అందరూ వెళ్ళిపోతున్నారు. నా పాత బండి బయట నిలిపి ఉంది. మనవరాలు, ఇప్పుడు నాలుగేళ్ళది, అడక్కుండానే ముందు సీట్లో తాత చోట కూర్చుని కాళ్ళు ఊపుతోంది. నేను స్టీరింగు ముందు కూర్చుని, అలవాటుగా వెనక్కి తిరిగాను. "మేస్టారూ" అన్న పిలుపు నోటిదాకా వచ్చింది.

వెనక ఆయన కూతురు నిలబడి ఉంది. తెల్లచీర కొంగు నడుముకి బిగించి, వెతుక్కోకుండా ఆ రెండు చోట్లా చేతులు ఆనించింది.

"వెళ్దామాండీ?" అంది.