కొడుకు పేరు మీది అనుమతి

“స్కాన్లు తెరిచేటోళ్లల్ల బాపు పేరు తీసెయ్యాలె నానమ్మా. పోయినోళ్ల పేరు మీద తలుపు తెరిచి పెట్టొద్దు.”

“తెరిచి ఉంటె నీదేం పోతున్నదే? ఉండనియ్యి.”

“బల్బు ఆర్పకుంటె నన్ను తిడ్తవ్. బాపు ఫోనుకేమో నెలనెలా రీచార్జ్ చేపిస్తవ్.”

నా కొడుకు నాందేడ్ కాలేజీలో చెట్ల గురించి పాఠం చెప్పేవాడు. కిన్వట్ అడవిలో ఏరి, ఆరబెట్టిన ఆకులను స్కాన్ చేసి, నాలుగైదు కాలేజీలు కలిసి పెట్టుకున్న కంప్యూటర్ ఖజానాలో దాచాడు. వాటిని ఎవరు తెరవాలో, ఎవరు దిద్దాలో ఇప్పుడు మనవరాలు చూస్తుంది. అనుమతి ఉన్నవాళ్లు ఏటా ‘ఇంకా పనిలో ఉన్నాను’ అని జవాబివ్వాలి. కొడుకు పోయాక, పోయిన ఏడు నేను పట్టుబట్టడంతో, అతని ఫోనుకు వచ్చిన ఓటీపీతో ఆమే జవాబిచ్చింది. ఈసారి ఒప్పుకోలేదు.

“మళ్ల అబద్ధం రాయలేను నానమ్మా. ఆకుల కింద బాపు పేరు అట్లనే ఉంటది. అది ఎవ్వరూ తీయరు.”

“ఆకు కింద పేరు పోయినోళ్లకు గూడ ఉంటది బిడ్డా. నీ దగ్గరున్నది బతికున్నోళ్ల వరుస. అండ్ల నా కొడుకు ఒక్కడు ఎక్కువైండా?”

ఆమె నా కొంగు లాక్కుని కళ్లు తుడుచుకుంది. నేను విడిపించుకోలేదు.

మరునాడు పొద్దున నా పక్కనే కూర్చుని తండ్రి పేరు తీసేసింది. ముఖేడ్ నుంచి వచ్చి కొత్తగా చేరిన అమ్మాయికి అనుమతి ఇచ్చింది. తర్వాత అన్నం డబ్బా కట్టుకుని కాలేజీకి పోయింది.