నాగమ్మ వేలు పడిన రోజు

ఏడేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు తెరిచిన ప్రతిసారీ ఇంకేదో మాట వచ్చింది. వానల గురించి, పిల్లల చదువుల గురించి. ఇది మాత్రం రాలేదు.

నేను ఒక ఆడమనిషిని దొంగను చేశాను. ఆమె దొంగ కాదని నాకు తెలుసు. లోకంలో ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే.

మా ఊరు మార్కాపురానికి బస్సులో గంట ప్రయాణం. ఊళ్లో బ్యాంకు లేదు. నేనే బ్యాంకు. అంటే బ్యాంకు మిత్రను. ఒక గది, ఒక ల్యాప్‌టాప్, ఒక వేలిముద్ర మిషన్. మనిషి వచ్చి వేలు పెడితే వాళ్ల ఖాతాలో డబ్బు నా ఏజెంటు ఖాతాలోకి వస్తుంది, నేను నా దగ్గరున్న నోట్లు లెక్కపెట్టి ఇస్తాను. పాసుబుక్కులో ఏముందో చదివి చెప్పేదీ నేనే. నా వెనక గోడ మీద పెద్ద పోస్టరు ఉండేది. ఓటీపీ ఎవరికీ చెప్పకండి, మోసపోతే వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని. ఒకసారి ఒక ముసలాయన ఫోన్లో ఎవడికో పిన్ను చెప్పి పింఛను పోగొట్టుకుని వస్తే, పదిమంది ముందు నవ్వాను. "బుర్ర ఇంట్లో పెట్టి వచ్చినావా తాతా?" అన్నాను. అందరూ నవ్వారు. నాకు ఆ నవ్వు బాగా నచ్చింది. ఇంటర్ ఫెయిలైన నాకు ఆ గదిలో ఉన్నంతసేపూ కలెక్టరునన్నంత పొగరు.

ఇక నాగమ్మ. ఆమె ముప్పయ్యేళ్లు మార్కాపురంలో పలకల కార్ఖానాలో పలకలు రుద్దింది. రాయి ఎంత అరిగిందో గాని వేళ్లు మాత్రం పూర్తిగా అరిగిపోయాయి. చూపుడువేలు, బొటనవేలు నున్నగా ఉండేవి, గీత అనేది లేదు. ఆమె వేలు మిషన్‌లో పడాలంటే పూజలు చేయాలి. తడిగుడ్డతో తుడిపించేదాన్ని, తలకు రుద్దుకోమనేదాన్ని. జుట్టుకున్న నూనె అంటితే ఒక్కోసారి పడుతుంది. ఒక్కోసారి పడదు. ఆమెకు అదొక సిగ్గు. "నా ఏలు నాకే గిట్టదు" అనేది.

ఆ రోజు ఆమె ఖాతాలో ఇంటి బిల్లు పడింది. ప్రభుత్వం ఇచ్చే ఇల్లు, గోడలు లేచాయి, స్లాబు వేయడానికి వచ్చిన డబ్బు. సిమెంటుకని కొంత తీసుకోవడానికి వచ్చింది. మధ్యాహ్నం రెండు గంటలు. గదిలో మేమిద్దరమే. వేలు పదిసార్లు పెట్టించాను, పడలేదు. తర్వాత మిషనే మొరాయించింది, ఏదో ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఆమె దిగులుగా చూస్తోంది. నాకు పౌరుషం వచ్చింది. ఫోన్ తీసి, ఆ మిషన్ పేరు కొట్టి, కస్టమర్ కేర్ నంబరు కోసం వెతికాను. అన్నిటికంటే పైన కనబడ్డ నంబరుకు చేశాను.

అవతల మగ గొంతు. మంచి తెలుగు. "చెప్పండి మేడం" అన్నాడు. మా ఊళ్లో నన్ను మేడం అనేవాళ్లు లేరు. నా ఓపికను మెచ్చుకున్నాడు. మీలాంటి వాళ్ల వల్లే పల్లెలు నడుస్తున్నాయన్నాడు. ల్యాప్‌టాప్‌లో ఒక యాప్ ఎక్కించమన్నాడు, ఎక్కించాను. తెర మీద వచ్చిన నంబరు చదవమన్నాడు, చదివాను. అది ఓటీపీ కాదు కదా అనుకున్నాను. ఇప్పటికీ ఆ అనుకోవడం తలుచుకుంటే చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది. పోస్టరులో ఉన్నది ఓటీపీ గురించి. ఈ నంబరు గురించి పోస్టరులో లేదు. నా తెలివి పోస్టరు దగ్గరే ఆగిపోయింది.

మౌసు నేను ముట్టుకోకుండానే తెర మీద బాణం కదిలింది. నాగమ్మకు చూపించాను, చూడు పెద్దమ్మా ఎక్కడో కూర్చుని బాగు చేస్తున్నారు అని. ఆమె ముక్కు మీద వేలేసుకుంది. కాసేపటికి తెర నల్లబడింది. అప్‌డేట్ అవుతోంది, కస్టమరు ఉంటే వేలు పెట్టించండి, టెస్ట్ చేద్దాం అన్నాడు. ఆమె ఆధార్ నంబరు అంతకుముందే నేను కొట్టి ఉంచాను. ఆమె వేలు నా చేత్తో పట్టుకున్నాను. చీర కొంగుతో తుడిచి, నా జుట్టుకే రుద్ది, మిషన్ మీద అదిమి పట్టాను. లైటు వెలిగింది. కీచుమంది. "పడింది మేడం, ఇంకోసారి" అన్నాడు. నాలుగుసార్లు పెట్టించాడు. నాలుగుసార్లూ పడింది. ఆ ముసలిదాని ముఖం వెలిగిపోయింది. నేనూ సంబరపడ్డాను. ఇద్దరం నవ్వుకున్నాం.

కస్టమరును రేపు రమ్మనండి, అంతా సరిగ్గా పనిచేస్తుంది అని అతను ఫోన్ పెట్టేశాడు. నాగమ్మ వెళ్లిపోయింది.

అరగంట తర్వాత నా ఏజెంటు ఖాతా తెరిచాను. అందులో ఒక్క రూపాయి లేదు. వరుసగా నాలుగు లైన్లు ఉన్నాయి. నాగమ్మ ఖాతాలోంచి నా ఖాతాలోకి నాలుగుసార్లు వచ్చింది, వచ్చిన వెంటనే నాకు తెలియని పేరుకు వెళ్లిపోయింది. నేను పెట్టుకున్న సొమ్ము కూడా దాంతోపాటే పోయింది. వెనక గోడ మీద ఆ నంబరు ఉంది. మోసపోతే వెంటనే ఫోన్ చేయండి అని. ఎన్నోసార్లు ఎందరికో వేలు పెట్టి చూపించిన నంబరు. అప్పుడే చేసి ఉంటే డబ్బు ఎక్కడో ఒకచోట ఆగేదేమో. చేయలేదు. ఎందుకు చేయలేదు? భయం అని చెప్పుకుంటూ వచ్చాను. లెక్క ప్రకారం నాగమ్మకు నేను నోట్లు ఇచ్చినట్టే ఉంది, ఇవ్వలేదంటే కేసు నా మీదే పడుతుంది, ఐడీ పీకేస్తారు అని. అది నిజమే. కానీ అంతకంటే పెద్ద నిజం ఇంకొకటి ఉంది. ఆ ముసలాయన నన్ను చూసి నవ్వుతాడని. ఊరికంతా పాఠాలు చెప్పినదే గోతిలో పడిందని పదిమంది చెప్పుకుంటారని. సిగ్గుతో చేశాను ఈ పని. భయంతో కాదు. ఇది రాయడానికి ఇంతసేపు పట్టింది నాకు.

సర్వర్ లేదని నాగమ్మను రెండుసార్లు తిప్పి పంపాను. మూడోసారి ఆమె కదల్లేదు. సిమెంటు దుకాణం వాడు తొందర పెడుతున్నాడంది. పాసుబుక్కు నా ముందు పెట్టింది. నేను చదివినట్టు నటించాను.

"ఇందులో డబ్బు లేదు పెద్దమ్మా. తీసేసినారు."

"ఎవురు తీసినారు? నీ కాడ తప్ప నేను యాడా ఏలు పెట్టలేదు గదమ్మా."

ఆమె నన్ను అనుమానించి అనలేదు. ఉన్న మాట అంది.

"బాగా గుర్తు చేసుకో. మొన్న మార్కాపురం పోయినావు గదా?"

"పోయినా. కండ్ల డాక్టరు కాడికి."

"నీ యంట ఎవురొచ్చినారు?"

"కోడలొచ్చింది."

"ఆడ యాడన్నా ఏలు పెట్టించిందా?"

ఆమె ఆలోచించింది. "సిమ్ము కొంటా అని ఒక దుకాణంలో పెట్టించింది. నా పేరుతో తీసుకునింది. ఏందమ్మా, దాంట్లో కూడా డబ్బు వస్తాదా?"

పాసుబుక్కు మూసి ఆమె చేతికిచ్చాను. అంతే. కోడలు తీసిందని నేను అనలేదు. ఎన్ని రాత్రులు ఈ మాటతో నన్ను నేను జోకొట్టుకున్నానో! అనలేదు, అడిగానంతే. కానీ ఏం అడుగుతున్నానో తెలిసే అడిగాను కదా? ఆమె తప్పు దారి పట్టేదాకా అడిగి, పట్టాక ఆపాను కదా?

ఆ కోడలి పేరు ఈశ్వరి. గొర్రెలు కాచే ఇల్లు వాళ్లది. మొగుడు మందతో తిరుగుతాడు, ఈమె ఇల్లూ చేనూ చూసుకుంటుంది. అప్పుడు చంకలో ఏడాది పిల్లాడు. నాగమ్మకు ఈశ్వరంటే ప్రాణం, నా కోడలు కాదు నా బిడ్డ అనేది. ఆ సాయంత్రమే ఇంట్లో నిప్పు అంటుకుంది. నాగమ్మ కొడుకు బ్యాంకుకు పోయి అడుగుతానని నా దగ్గరకు వచ్చాడు. నేనే ఆపాను. వాళ్లూ ఇదే చెబుతారు అన్నా, చార్జీలు దండగ అన్నాను. అతను తలూపి వెళ్లిపోయాడు. నన్ను నమ్మాడు.

మా వైపు తగువు తేలకపోతే పోలేరమ్మ గుడిలో ప్రమాణం చేయిస్తారు. వెలుగుతున్న దీపాన్ని చేత్తో ఆర్పి, నేను తీయలేదు అని చెప్పాలి. అబద్ధమాడితే మూడు వారాల్లో ఆ ఇంటికి కీడు జరుగుతుందని నమ్మకం. మంగళవారం పొద్దున ఈశ్వరి తలస్నానం చేసి వచ్చింది. ఊరి ఆడవాళ్లలో నేనూ నిలబడ్డాను. పోకపోతే అనుమానం వస్తుందని పోయాను. పెద్దమనిషి ఒకాయన నన్ను పిలిచి, మిషన్ తప్పు చెప్పే వీలుందా అని అడిగాడు. వేలు లేకుండా డబ్బు రాదు మామా అన్నాను. అది అబద్ధం కాదు. అబద్ధం కానిదాన్ని ఏరుకుని మరీ చెప్పాను. ఈశ్వరి నా వైపు ఆశగా చూసింది. చదువుకున్నది కదా, ఏదన్నా చెబుతుందేమోనని. తర్వాత దీపం ఆర్పింది. తీయలేదు అని గట్టిగా చెప్పింది. నేను చీర కొంగు సర్దుకున్నాను.

ఆ మూడు వారాలు నేనెలా బతికానో చెప్పలేను. పోలేరమ్మా, ఆ ఇంటికి ఏమీ కాకూడదు అని రోజూ మొక్కాను. ఏమీ జరగకపోతే ఆమె గెలుస్తుంది, నేనూ బయటపడతాను. ఎంత తెలివైన మొక్కు!

పదిహేనో రోజు వాన పడింది. ఆ ఏడు ఆలస్యంగా పడ్డ వాన. లేత గడ్డి మొలిచింది. గొర్రెలు ఆ గడ్డి మేస్తే చిటుకు రోగం వస్తుంది, సాయంత్రం బాగున్న జీవం పొద్దునకు ఉండదు. ముందుగా టీకా వేయించాలి. ఆ ఏడు మా ఊళ్లో చాలామందికి అందలేదు. ఈశ్వరి వాళ్ల మందలో రెండు రోజుల్లో పదకొండు గొర్రెలు చచ్చిపోయాయి. ఊరంతా ఒకే మాట అంది. అమ్మవారు చూపించింది అని.

మా నాయన మందలోనూ మూడు పోయాయి. మా ఇంట్లో ఎవరూ ప్రమాణం చేయలేదు. పక్క వీధిలో ఐదు పోయాయి. వాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఇది చిటుకు రోగం, అమ్మవారు కాదు అని ఒక్క మాట అనొచ్చు కదా నేను? డబ్బు సంగతి చెప్పక్కర్లేదు. ఈ ఒక్కటన్నా. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆమె వైపు మాట్లాడితే ఎందుకు మాట్లాడుతున్నావని అడుగుతారేమోనని భయపడ్డాను.

ఈశ్వరి ఇల్లు వదిలిపోలేదు. పోయి ఉంటే నాకు సులువయ్యేది. అక్కడే ఉంది. నాగమ్మ ఆమె చేతి నీళ్లు తాగడం మానేసింది. ఒకే రేకుల కొట్టంలో రెండు పొయ్యిలు. స్లాబు లేని గోడలు పక్కనే ఏళ్లకేళ్లు వానకు తడిశాయి. పెళ్లికి వెళితే ఈశ్వరి పక్కన కూర్చున్న ఆడవాళ్లు చేతిసంచి అవతలి వైపుకు మార్చుకునేవాళ్లు. నేను నా కళ్లతో చూశాను. ఒకసారి నా పక్కన కూర్చుంది. నా సంచి నేను కదపలేదు. దాన్నే పెద్ద పుణ్యంలా ఆ రోజంతా మోసుకు తిరిగాను. ఇంత చవక మనిషిని నేను.

పోయిన వేసవిలో నాగమ్మ చనిపోయింది. చివరి రెండు నెలలు మంచంలో ఉంటే జావ పోసింది, గుడ్డలు మార్చింది ఈశ్వరే. కళ్లు పోయిన ముసలిది ఎవరి చెయ్యో తెలియక తాగిందో, తెలిసే తాగిందో. అడిగే ధైర్యం నాకు లేదు.

మొన్న గురువారం ఈశ్వరి నా గదికి వచ్చింది. అత్త ఖాతా మూయించాలని, మరణ ధ్రువపత్రం తెచ్చింది. దాంట్లో ఒక సంతకం తక్కువైంది, సోమవారం తెస్తానంది. లేచి, గుమ్మం దగ్గర ఆగింది.

"అక్కా, ఆ పొద్దు సిమ్ము దుకాణంలో ఏలు పెట్టించింది నేనే గదా. నాకు తెలీకుండా నా వల్లే పోయింటాదేమో అక్కా డబ్బు. ఊరికే చస్తాయా పదకొండు జీవాలు?"

కోపంగా అనలేదు. కొన్నాళ్లుగా ఆలోచించి తేల్చుకున్న మనిషిలా అంది. ఊరు ఆమెను దొంగ అంది, అది ఒక పాపం. కానీ ఇది? ఆమె తనను తానే అనుమానించుకునే చోటికి వచ్చేసింది. ఇన్నేళ్లూ ఆమెకు మిగిలింది ఒక్కటే, తాను తీయలేదన్న సంగతి. అదీ పోయింది. నేను నోరు తెరిచాను. "ఎండగా ఉంది, నీళ్లు తాగిపో" అన్నాను. తాగి వెళ్లిపోయింది.

అందుకే ఇది రాస్తున్నాను. మిమ్మల్ని క్షమించమని అడగను. అది మీరు ఇవ్వగలిగేది కాదు. ఇవ్వగలిగిన ఈశ్వరిని అడగడానికి నాకు మొహం లేదు. సోమవారం నా నోటికి ఆ మాట వస్తుందో లేదో కూడా గట్టిగా చెప్పలేను. నా సంగతి నాకు తెలుసు. కానీ ఏడేళ్లలో మొదటిసారి అది నాలోంచి బయటికి వచ్చి కాగితం మీద ఉంది. ఛాతీ మీద ఏదో కాస్త సడలినట్టుంది. ఆ సుఖం కూడా నాకు తగదని తెలుసు, అయినా ఉంది.

ఈశ్వరి ఎవరి డబ్బూ తీయలేదు. ఆ అరిగిన వేలు పట్టుకుని, తుడిచి, నాలుగుసార్లు మిషన్ మీద అదిమింది నేను. వినాల్సిన నాగమ్మ బతికి ఉన్నన్నాళ్లూ నేనీ మాట చెప్పలేదు.